కోనసీమ: నీళ్లు వచ్చే దారి, నీళ్లు పోయే దారి

నవంబరు మొదట్లో ఉప్పలగుప్తం వైపో కాట్రేనికోన వైపో వెళ్తే సార్వా వరి, అంటే వానాకాలపు వరి, పండి కోతకు సిద్ధంగా కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో వార్త వస్తుంది. ఊళ్లో టెన్షన్ మొదలవుతుంది. రెండు రోజులు ముసురు పట్టి, గాలి తోలితే చాలు, నడుమెత్తు పైరు చాప పరిచినట్టు నేలకు ఒరిగిపోతుంది. ఒరిగినంత మాత్రాన పంట పోయినట్టు కాదు. చేలో నీరు ఒకటి రెండు రోజుల్లో దిగిపోతే గింజ దక్కుతుంది. దిగకపోతే నాలుగైదు రోజులకు కంకి మీదే తెల్లటి మొలక కనిపిస్తుంది. ఆ మొలక వచ్చాక ఆ వడ్లకు ధర గురించి మాట్లాడేవాళ్లు ఉండరు.

వాన ఎంత పడిందన్న దానికంటే చేలోంచి నీరు ఎన్నాళ్లకు దిగిందన్న దాని మీదే ఇక్కడ పంట భవిష్యత్తు తేలుతుంది. కోనసీమ జిల్లాను అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతావన్నీ దాని చుట్టూ వచ్చి చేరతాయి. ఈ నేలకు నీళ్లు వచ్చే దారి 170 ఏళ్ల కిందటే ఏర్పడింది. ఆ దారి గురించి రాసినవాళ్లు, పాడినవాళ్లు, విగ్రహాలు పెట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. నీళ్లు పోయే దారి మాత్రం ఎప్పుడూ రెండో వరసలోనే ఉండిపోయింది.

జిల్లా విషయానికొస్తే, పాత తూర్పు గోదావరి నుంచి విడిపోయి 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. కేంద్రం అమలాపురం. ఏర్పడినప్పుడు 22 మండలాలు, అమలాపురం, రామచంద్రపురం, కొత్తపేట అని మూడు రెవెన్యూ డివిజన్లు. విస్తీర్ణం సుమారు 2,083 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ప్రాంతంలో ఉన్నది 17 లక్షల పైచిలుకు జనం. అంటే చదరపు కిలోమీటరుకు 800 మందికి పైనే. ఇంత ఒత్తుగా మనుషులున్న చోట పెద్ద నగరం ఒక్కటీ లేదు. అప్పటికి ఉన్నవి మూడు మున్సిపాలిటీలు, ఒక నగర పంచాయతీ. మిగిలినదంతా పల్లెలే, అయితే ఒక ఊరి చివర ఇల్లు ఎక్కడ అయిందో, పక్క ఊరి మొదటి ఇల్లు ఎక్కడ మొదలైందో తెలియనంత దగ్గర దగ్గరగా ఉంటాయి. ఏర్పడిన నెలన్నరకే జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టాలన్న నిర్ణయం మీద అమలాపురంలో అల్లర్లు జరిగాయి. మే 24న మంత్రి ఇంటికి, ఎమ్మెల్యే ఇంటికి నిప్పు పెట్టారు. తర్వాత అంబేద్కర్ పేరే ఖరారైంది. పచ్చగా ప్రశాంతంగా కనిపించే ఈ ఊళ్లలో భూమి ఎవరిది, కూలి ఎవరిది, పేరు ఎవరిది అన్న ప్రశ్నలు ఎంత లోతుగా ఉన్నాయో ఆ ఒక్క రోజు చెప్పింది.

గోదావరి ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ఠ అని రెండు పెద్ద పాయలవుతుంది. గౌతమి తూర్పున యానాం పక్కనుంచి, వశిష్ఠ పడమర అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తాయి. వశిష్ఠ నుంచి చీలిన వైనతేయ మధ్యలోంచి వెళ్లి ఓడలరేవు దగ్గర కలుస్తుంది. గౌతమికీ వశిష్ఠకీ సముద్రానికీ మధ్య చిక్కిన ముక్కోణపు నేలే అసలు కోనసీమ. పరిపాలన లెక్కలో గౌతమి అవతలున్న రామచంద్రపురం వైపు ఊళ్లు కూడా జిల్లాలో కలిశాయిగానీ, మాటల్లో కోనసీమ అంటే ఏరు దాటి వెళ్లాల్సిన నేలే. వంతెనలు రాకముందు పంటు మీద, అంటే పెద్ద బల్లకట్టు మీద, దాటేవాళ్లు. బస్సు, పాల క్యాన్లు, పెళ్లివారు అందరూ ఒకే పంటు మీద. లోక్‌సభ స్పీకరుగా ఉండగా 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయిన జి.ఎం.సి. బాలయోగి పేరు మీద యానాం, ఎదుర్లంకల మధ్య గౌతమి మీద వంతెన ఉంది. కోటిపల్లి నుంచి నరసాపురం వరకు రైలు మార్గానికి 2000లో శంకుస్థాపన జరిగింది. ఒక తరం పిల్లలు పుట్టి పెద్దవాళ్లయ్యారు, అమలాపురానికి ఇంకా రైలు రాలేదు. మూడు పాయల మీద మూడు పొడవాటి వంతెనలు కట్టాల్సి రావడం అందులో పెద్ద కారణం.

కాటన్ కథ తెలుగువాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కానీ ఆయన రాకముందు ఈ నేల ఎలా ఉండేదో ఒక లెక్క గుర్తుచేస్తుంది. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేలు ఉండగా, 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. మధ్యలో 1833 నాటి డొక్కల కరువు ఉంది, 1839లో కోరంగి రేవును తుడిచిపెట్టిన ఉప్పెన ఉంది. పక్కన అంత పెద్ద నది పారుతుండగా జనం తిండి లేక చనిపోయారు, ఊళ్లు వదిలి వెళ్లిపోయారు. ఆ పరిస్థితి చూసి ఆర్థర్ కాటన్ ఇచ్చిన నివేదిక మీద 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, మధ్యలో లంకలను, అంటే నదిలోని దీవులను, కలుపుకుంటూ కట్టారు. కూలీలను సమకూర్చి ఆ పనిని నడిపించిన వీణెం వీరన్న పేరు కూడా కాటన్ పేరుతో పాటు చెప్పుకోవాల్సిందే. ఇప్పుడున్నది 175 గేట్ల బ్యారేజీ. పాత ఆనకట్ట బలహీనపడటంతో 1970ల్లో మొదలుపెట్టి 1980ల మొదట్లో ముగించారు.

ఆ బ్యారేజీ కింద మూడు డెల్టాలు, దాదాపు పది లక్షల ఎకరాల ఆయకట్టు. అందులో కోనసీమది మధ్య డెల్టా, సుమారు రెండు లక్షల ఎకరాలు. బొబ్బర్లంక దగ్గర హెడ్ స్లూయిస్ నుంచి ప్రధాన కాలువ బయలుదేరి, ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకుల్లో పాయలుగా విడిపోతుంది. అక్కడి నుంచి అమలాపురం వైపు ఒకటి, గన్నవరం వైపు ఒకటి, ఏటిగట్ల పక్కనే సాగే బ్యాంక్ కెనాళ్లు. పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ అడ్డం వస్తే, దాని మీదుగా కాలువనే వంతెనలా కట్టి అవతల నగరం అనే ఊరున్న సీమకు నీళ్లు తీసుకెళ్లారు. ఆనకట్ట కట్టిన రోజుల్లోనే లెఫ్టినెంట్ హేగ్ అనే కుర్ర ఇంజనీరు పూర్తి చేసిన ఆ అక్విడక్టు కింద నది, పైన కాలువ. పక్కనే కొత్తది కట్టేశారుగానీ, పాతదాని కమానులు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి.

ఇదంతా నీళ్లు వచ్చే దారి. ఇందులో అద్భుతం ఏమిటంటే, ఒక్క మోటారు లేకుండా, కేవలం నేల వాలు మీద ఆధారపడి నీరు లొల్ల నుంచి సముద్రపు అంచు దాకా పారుతుంది. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. ఆ వాలు చాలా తక్కువ.

మెరక, పల్లం

నది ఒండ్రు తెచ్చి పోసినప్పుడు బరువైన మట్టి, ఇసుక ఒడ్డు పక్కనే ముందుగా దిగిపోతాయి. మెత్తటి బంక మట్టి దూరంగా వెళ్లి పరుచుకుంటుంది. వేల ఏళ్లు ఇలా జరిగేసరికి ఏటి ఒడ్డు ఎత్తుగా, రెండు పాయల మధ్య నడిబొడ్డు పల్లంగా తయారైంది. దానికి తోడు సముద్రం వెనక్కి జరిగిన కొద్దీ పాత తీరపు ఇసుక దిబ్బలు వరసలు వరసలుగా లోపలి దాకా మిగిలిపోయాయి. ఊళ్లు, కొబ్బరి తోటలు మెరక మీద ఉంటాయి. వరి పల్లంలో ఉంటుంది. కోనసీమలో రోడ్డు మీద వెళ్తూ ఇటు తోట, అటు చేను చూస్తే మధ్యలో అడుగో రెండడుగులో తేడా కనిపిస్తుంది. ఆ రెండడుగుల తేడాయే పంటను నిర్ణయిస్తుంది, భూమి ధరను నిర్ణయిస్తుంది, వరదొచ్చినప్పుడు ఎవరి ఇల్లు మునుగుతుందో కూడా చాలావరకు నిర్ణయిస్తుంది.

పల్లంలో పడ్డ వాన పక్కనున్న నదిలోకి పోదు. నది ఎత్తులో ఉంది, పైగా దానికి ఏటిగట్టు ఉంది. అది సముద్రంలోకే పోవాలి. అందుకోసం తవ్వినవీ, సహజంగా ఉన్న వాగులను సరిచేసినవీ కలిపి డ్రెయిన్లున్నాయి. అమలాపురం మీదుగా పోయే కౌశిక, కూనవరం డ్రెయిన్, వాసాలతిప్ప డ్రెయిన్, రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వాటిలో పెద్దవి. పంట కాలువలో నీరు ఎత్తు నుంచి పల్లానికి, తూములు, బోదెలనే పిల్ల కాలువల మీదుగా క్రమశిక్షణగా వస్తుంది. డ్రెయిన్‌లో అలా కుదరదు. వాన ఒకేసారి పడుతుంది, అంత నీరూ ఒకేసారి బయటికి పోవాలి. మొగ దగ్గర, అంటే డ్రెయిన్ సముద్రంలో కలిసే చోట, సముద్రం పోటు మీద ఉంటే నీరు పోదు సరికదా, ఉప్పునీరే ఎదురు ఎక్కుతుంది. పాటు వచ్చేదాకా, అంటే సముద్రం మళ్లీ తగ్గేదాకా, ఆగాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ. అదే సమయానికి తుపాను కూడా వస్తే చేలల్లో నీరు వారం దాకా కదలదు.

ఇది కొత్తగా కనిపెట్టిన సమస్య కాదు. 1960ల్లో వచ్చిన వరదల తర్వాత కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు సంగతి చూడటానికి మిత్రా కమిటీని వేశారు. 1968లో డెల్టా రైతుల మీద డ్రైనేజీ సెస్సు వేస్తూ చట్టం వచ్చింది. కొంత తవ్వకం జరిగింది. తవ్విన డ్రెయిన్ మాత్రం అలాగే ఉండిపోదు. ఏటా చేల నుంచి వచ్చే మట్టి అడుగున చేరుతుంది. గుర్రపుడెక్క, తూడు పైన అల్లుకుంటాయి. గట్లు ఆక్రమణలో తరుగుతాయి. మొగ దగ్గర అలలు ఇసుక మేట వేసి మూసేస్తాయి. పంట కాలువకు వేసవిలో మూసి మరమ్మతు చేసే అలవాటు పాత రోజుల నుంచీ ఉంది, ఎందుకంటే జూన్‌లో నీరు వదలకపోతే రైతు నిలదీస్తాడు. డ్రెయిన్ పూడిందా లేదా అన్నది నవంబరులోగానీ తెలియదు. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు. గుర్రపుడెక్కను పొక్లెయిన్‌తో తోడి గట్టు మీద వేసి బిల్లు చేసుకుంటే, తర్వాతి వానకు అది మళ్లీ డ్రెయిన్లోకే జారుతుంది. ఇలాంటి పని మీద డబ్బు ఖర్చవుతుందిగానీ నీరు దిగదు.

దిగువ మండలాల్లో దీనికి చేపల చెరువులు, రొయ్యల చెరువులు తోడయ్యాయి. వనామి రొయ్య వచ్చాక ముమ్మిడివరం, ఐ.పోలవరం, అల్లవరం, కాట్రేనికోన ప్రాంతాల్లో వరి చేలు పెద్ద ఎత్తున చెరువులయ్యాయి. పదే పదే మునిగే పల్లపు చేను ఉన్న రైతు చెరువు వైపు వెళ్లడాన్ని తప్పు పట్టడం కష్టం. వరిలో మిగలనిది రొయ్యలో ఒక్క పట్టుబడిలో మిగలొచ్చు, వైరస్ వస్తే మొత్తం పోవచ్చు కూడా. కానీ ఒకరు చెరువు తవ్వితే చుట్టూ ఎత్తు గట్టు లేస్తుంది. వెనకున్న నాలుగు చేల నీరు పోయే దారి ఆగిపోతుంది. ఉప్పదనం ఊటగా పక్క చేలోకి దిగుతుంది. రెండేళ్లకు ఆ పక్క రైతు కూడా చెరువుకో, అమ్మకానికో సిద్ధపడతాడు. అనుమతుల దగ్గర ఒక్కో చెరువును విడివిడిగా చూస్తారు. నీరు మాత్రం అన్నింటినీ కలిపే చూస్తుంది.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి వేల ఎకరాల్లో ఊడ్పులు వేయకుండా వదిలేసినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. నీళ్లు లేక పంట మానేసే రైతులను అందరూ చూశారు. కాలువ నిండా నీళ్లు పెట్టుకుని నాట్లు వేయబోమన్నవాళ్లను చూడటం అదే మొదలు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. రైతులు చెప్పిన కారణాల్లో గిట్టుబాటు ధర ఉంది, కూలీల కొరత ఉంది, ధాన్యం కొనేవాళ్లు లేకపోవడం ఉంది, పూడిపోయిన డ్రెయిన్లు ఉన్నాయి. 2022లో మళ్లీ అదే మాట వినిపించింది. పదకొండేళ్ల తేడాతో వచ్చిన రెండు నిరసనల్లోనూ ముంపు మాట ఉండటం యాదృచ్ఛికం అనుకోలేం.

తారీఖుల లెక్క

సార్వా పంట సుమారు ఐదు నెలలు. 1982లో మార్టేరు పరిశోధన కేంద్రం విడుదల చేసిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, దశాబ్దాలుగా ఇక్కడి సార్వాను ఏలింది. జూన్ మొదట్లో నీరు వదిలి, నారు పోసి, జూలైలో ఊడ్పులు అయిపోతే అక్టోబరు ఆఖరుకు కోత మొదలవుతుంది. తుపాన్ల కాలం ముదరకముందే ధాన్యం ఇంటికొస్తుంది. అందుకే ఈమధ్య జూన్ 1కే కాలువలకు నీరు వదిలే ప్రయత్నం చేస్తున్నారు. ఇది మంచి ఆలోచన. అయితే లొల్ల దగ్గర జూన్ 1కి వదిలిన నీరు శివారు భూముల దాకా అందాలంటే మధ్యలో బోదెలన్నీ బాగుండాలి, తూముల దగ్గర నీటిని చూసుకునే లస్కర్లుండాలి. శివారుకు నీరు ఆలస్యంగా అందితే అక్కడ నాట్లు ఆలస్యం, కోత ఆలస్యం. అంటే ముంపుకు ఎక్కువ గురయ్యే చేలే తుపాను నోట్లో పడతాయి.

దాళ్వాకు, అంటే రబీ వరికి, కథ తిరగబడుతుంది. డిసెంబరు తర్వాత గోదావరిలో సహజ ప్రవాహం పడిపోతుంది. సీలేరు నుంచి విద్యుత్ కేంద్రాల మీదుగా వదిలే నీరే దిక్కు. మార్చిలో వంతులవారీగా ఇస్తారు. అప్పుడు శివారు చేలు బీటలు తీస్తాయి. నవంబరులో మునిగిన చేనే మార్చిలో ఎండుతుంది. ఎగువన కాలువ తల దగ్గరున్న రైతుకు ఈ రెండు బాధలూ అంతగా తెలియవు. జిల్లా సగటు దిగుబడి అంకె చూసి ఇక్కడ అంతా బాగుందనుకునేవాళ్లు ఎగువకూ శివారుకూ మధ్యనున్న ఈ తేడాను పట్టించుకోవాలి.

దాళ్వాలో చాలాకాలం బొండాలు వేసేవాళ్లు. ఎంటీయూ 3626 అనే ఈ లావు గింజ రకం ఉప్పుడు బియ్యంగా మారి కేరళకు వెళ్లేది. కేరళ కొంటే ధర, కొనకపోతే అంతే. ప్రభుత్వం కొనుగోలు చేసేటప్పుడు బస్తా అంటే 75 కిలోలు. 2025-26కు సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే బస్తా సుమారు 1,777. ఆ ధర దక్కాలంటే తేమ 17 శాతం దాటకూడదు. నవంబరు ముసురులో తడిసిన ధాన్యాన్ని 17కు తేవడానికి రోడ్డు మీద, గుడి ముందు, స్కూలు గ్రౌండులో ఎక్కడ జాగా దొరికితే అక్కడ ఆరబోయాలి. చేలో నీరుంటే టైర్ల కోత మిషన్ దిగదు. చైన్ మిషన్ పిలవాలి. దానికి గంటకు అద్దె ఎక్కువ, పడిపోయిన చేలో గంటలూ ఎక్కువే పడతాయి. నీరు దిగని చేను ఖర్చు ఇలా ఒక్కో మెట్టులో పెరుగుతూ పోతుంది. ఇవేవీ పంట నష్టం జాబితాలోకి ఎక్కవు.

ఆ ఖర్చు పెట్టేది ఎవరన్నది అసలు ప్రశ్న. కోనసీమ వరి చేలల్లో ఎక్కువ భాగం కౌలు మీదే నడుస్తోంది. యజమానులు రాజమండ్రిలో, హైదరాబాద్‌లో, ఇంకా దూరాన ఉంటారు. కౌలు ఎకరానికి ఇన్ని బస్తాలని మాట్లాడుకుంటారు. పంట మునిగినా బస్తాల లెక్క సాధారణంగా మారదు. మంచి మనసున్న యజమాని తగ్గిస్తే తగ్గించినట్టు. కౌలుదారుకు గుర్తింపు కోసం 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం వచ్చాయి. 2019 చట్టం ప్రకారం 11 నెలల సాగు హక్కు పత్రం ఇస్తారు. దానికి భూయజమాని ఒప్పుకోలు కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయం యజమానికి ఉంది. అడిగితే వచ్చే ఏడు కౌలు ఇవ్వరేమోనన్న భయం రైతుకు ఉంది. దాంతో చాలామంది పత్రం లేకుండానే సాగు చేస్తారు. పత్రం లేకపోతే బ్యాంకు అప్పు రాదు, నష్టపరిహారం అందడమూ కష్టమే. మునిగింది ఒకరి పెట్టుబడి, పరిహారం పడేది ఇంకొకరి ఖాతాలో. డ్రెయిన్ తవ్వమని ఎవరు గట్టిగా అడగాలి అన్న ప్రశ్నకు కూడా ఇక్కడే సమాధానం దొరుకుతుంది. భూమి ఉన్నవాళ్లు ఊళ్లో లేరు. ఊళ్లో ఉండి మునిగేవాళ్ల పేరు కాగితం మీద లేదు.

ఇంటి నుంచి ఒకరు బయటికి వెళ్లడం అనే మార్గం అందుకే బలపడింది. రాజోలు, మలికిపురం, మామిడికుదురు వైపు ఊళ్ల నుంచి గల్ఫ్‌కు, ముఖ్యంగా కువైట్‌కు ఇంటి పనుల కోసం ఆడవాళ్లు వెళ్లడం దశాబ్దాలుగా ఉంది. ఆ డబ్బుతో లేచిన డాబాలు ప్రతి పేటలో కనిపిస్తాయి.

మెరక మీది చెట్టు

కొబ్బరి సంగతి వేరు. వరి రైతు ఏడాదికి రెండుసార్లు డబ్బు చూస్తే, కొబ్బరి రైతు కాయలు దించే ప్రతి దింపుకూ చూస్తాడు. నెలన్నర, రెండు నెలలకో దింపు. మధ్యలో అరటి, కంద, కోకో అంతరపంటలు. అంబాజీపేట మార్కెట్టే ఈ సరుకుకు గుండెకాయ. అక్కడి ధరల పట్టీ చూస్తే బయటివాళ్లకు అది వేరే భాషలా ఉంటుంది. కొత్త కొబ్బరి క్వింటాలు లెక్కన. కురిడీ వెయ్యి కాయల లెక్కన, అందులో పాతవి, కొత్తవి, మళ్లీ గండేరా, గటగట అని రకాలు. పచ్చికాయ వేరు, ముక్కుడుకాయ వేరు. కురిడీ అంటే కాయను నెలల తరబడి అటక మీద ఉంచి, లోపలి నీరంతా ఇంకిపోయి, గుండు పెంకు నుంచి విడివడ్డాక ఒలిచి తీసేది. పగలకుండా గుండ్రంగా రావాలి. ఉత్తరాదిలో పండగలకు, పెళ్లిళ్లకు అవి వెళ్తాయి. దింపు తీసేవాళ్లు, ఒలిచేవాళ్లు, రాశి పోసేవాళ్లు, పీచు మిల్లులో పనిచేసేవాళ్లు, లారీవాళ్లు అంటూ ఒక కాయ చుట్టూ ఎంతమంది బతుకుతున్నారో లెక్క కట్టడం కష్టం. చెట్టెక్కేవాళ్లు మాత్రం తగ్గిపోతున్నారు. ఎక్కడం ప్రమాదమైన పని, పిల్లలకు అది నేర్పాలని ఏ తండ్రీ అనుకోవడం లేదు.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను పేరెత్తితే ఇప్పటికీ కోనసీమలో పెద్దవాళ్ల గొంతు మారుతుంది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి మత్స్యకారుల ఊళ్లలో వేటకు వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. లక్షల కొబ్బరి చెట్లు నేలకూలాయి. వరి పోతే మరుసటి దాళ్వాకు చూసుకోవచ్చు. దేశవాళీ కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు, నిండు కాపుకు ఇంకా ఎక్కువ పడుతుంది. అప్పుడు నాటిన తోటలే ఇప్పుడు కోనసీమను నిలబెడుతున్నాయి. అంబాజీపేటలోని పరిశోధన కేంద్రం గోదావరి గంగ లాంటి సంకర రకాలను ఇచ్చింది. నల్లి, ఆ తర్వాత సర్పిలాకార తెల్లదోమ తోటలను పీడించాయి. 2025లో దేశమంతా కొబ్బరి ధర ముందెన్నడూ లేనంత పెరిగినప్పుడు, కాయ తక్కువగా ఉండటంతో చాలామంది రైతులకు ఆ ధర పూర్తిగా కలిసిరాలేదు.

వరదలూ, లంకలూ ఇంకో లోకం. ఏటిగట్లకు లోపల, నది పక్కన ఉన్న లంకల్లో కూరగాయలు, అరటి, పూలు పండుతాయి. ఆ ఒండ్రు నేల బలం ఇంకెక్కడా లేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ మూడు అంకెలు లంకల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షల క్యూసెక్కులు, 2006లో 28 లక్షలకు పైన, 2022 జూలైలో 25 లక్షలకు పైన వచ్చాయి. పి.గన్నవరం దగ్గర ఊడిమూడిలంక లాంటి ఊళ్లకు ఏటా వరద మొదలవగానే తాత్కాలిక గట్టు కొట్టుకుపోతుంది. అక్కడి నుంచి నెలల తరబడి స్కూలుకైనా, కాన్పుకైనా పడవే. నదీకోతలో లంక అంచులు ఏటా కొంత జారిపోతూ ఉంటాయి, పట్టా కాగితంలో భూమి ఉంటుంది, చోటులో నీరుంటుంది.

భూమి కింద గ్యాసు ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి పేలి 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. గ్యాసు తీయడం వల్ల నేల కుంగుతోందని, అందుకే ముంపు పెరిగిందని రైతులు చాలాకాలంగా అంటున్నారు. ఎగువన నది మీద ఆనకట్టలు పెరిగిన కొద్దీ డెల్టాకు వచ్చే ఒండ్రు బాగా తగ్గిందన్నది మాత్రం తేలిన విషయం. ఒండ్రు పోసే నది ఆగితే డెల్టా పెరగడం ఆగుతుంది, సముద్రం ముందుకొస్తుంది. అంతర్వేది తీరంలో ఆ కోత కళ్లకు కనిపిస్తుంది.

ఉప్పునీరు కూడా డ్రెయిన్ మీదుగానే ఊళ్లోకి వస్తోంది. శంకరగుప్తం డ్రెయిన్ పక్కనున్న రాజోలు, మలికిపురం వైపు ఊళ్లలో పోటు నీరు గట్టు దాటి తోటల్లోకి ఎక్కుతోంది. కొబ్బరి వేరు ఉప్పునీటిలో పదే పదే నిలిస్తే ముందు కాయ చిన్నదవుతుంది, తర్వాత మట్టలు వాలిపోతాయి, ఆఖరుకు మొవ్వు ఎండి తల రాలిపోతుంది. మొండెం మాత్రం నిలబడే ఉంటుంది. అలాంటి మొండేలు వరసగా నిలబడిన తోటలు అక్కడ ఎన్నో. వరి పల్లంలో మునిగితే అది పల్లం అని సరిపెట్టుకోవచ్చు. మెరక మీద ఉందని నమ్ముకున్న కొబ్బరికి కూడా ఇప్పుడు అదే నీరు వచ్చి తగిలింది.

గట్లు ఎత్తు చేసి, పూడిక తీసి, మొగ దగ్గర పోటును ఆపే షట్టర్లు పెట్టమని ఆ ఊళ్లవాళ్లు అడుగుతున్నారు. పని ఎప్పుడు మొదలైనా వరస తప్పకూడదు. ముందు నీరు ఆగాలి, తర్వాత రెండు మూడు వానాకాలాలు మంచినీరు పారి నేలలో ఉప్పు కడుక్కుపోవాలి, ఆ తర్వాతే మొక్క. అక్కడి నుంచి మొదటి గెలకు ఇంకో ఆరేడేళ్లు. ఈలోపు ఆ తోటల కింద దింపు లేదు, ఒలుపు లేదు, అటక మీద కురిడీ లేదు.